అడవికి సరే, బడికెందుకు?

సంక్రాంతి వెళ్ళిందంటే ఇక్కడి తెలుగు ఇళ్ళల్లో వేసవి సెలవుల మాటలు మొదలవుతాయి. హైస్కూలు పిల్లలున్న తల్లుల వాట్సాప్ గ్రూపుల్లో అయితే మరీను. ఎవరబ్బాయి ఏ యూనివర్సిటీ క్యాంపుకి వెళ్తున్నాడు, ఎవరమ్మాయికి ఇంటర్న్‌షిప్ దొరికింది, ఇవి ఎప్పుడూ ఉండేవే. ఈ మధ్య వీటికి ఇంకొకటి తోడయింది. విదేశానికి వెళ్ళి స్వచ్ఛంద సేవ చెయ్యడం. కోస్టారికానో పెరూనో వెళ్ళి రెండు వారాలు ఉండాలి. పొద్దున పూట వర్షారణ్యంలో పని, మధ్యాహ్నం ఊరి బళ్ళో చిన్నపిల్లలకి ఇంగ్లీషు చెప్పడం. బ్రోషర్ నిండా పచ్చటి అడవి, మధ్యలో మన పిల్లల ఈడు అమ్మాయి, ఆ అమ్మాయి చుట్టూ ఎగబడి నవ్వుతున్న పసిపిల్లలు.

మా అమ్మాయి పదకొండో తరగతి. ఈసారి తనూ అడిగింది. మేముండే డాలస్ నుంచి కోస్టారికా విమానంలో నాలుగు గంటల దూరం. విమానం టికెట్లు కాక మూడు వేల డాలర్ల పైచిలుకు ఖర్చు. రాజమండ్రి నుంచి మా అత్తయ్యగారు ఫోనులో "ఆడపిల్లని అడవిలోకి పంపిస్తారా?" అన్నారు. మా వారు లెక్కల మనిషి కదా, "ఆ డబ్బేదో వాళ్ళకే పంపితే పది మందికి జీతాలొస్తాయి" అన్నారు. పిల్ల మొహం చిన్నబోయింది. నేను మాత్రం ఏదీ తేల్చకుండా నెల రోజులు దాని గురించి చదివాను, వెళ్ళొచ్చిన పిల్లల తల్లులతో మాట్లాడాను. చివరికి నాకొక అభిప్రాయం కుదిరింది. అదేమిటంటే, ఆ బ్రోషర్లో ఒకటే ప్యాకేజీగా కట్టి ఇస్తున్నవి నిజానికి రెండు వేరు వేరు పనులు. అడవి పనికి పిల్లని పంపొచ్చు. బడి పనికి మాత్రం నేను పంపను.

ముందు అడవి సంగతి. కోస్టారికా మన కోస్తా జిల్లాలు కొన్ని కలిపితే వచ్చేంత చిన్న దేశం. 1940లలో అక్కడ దాదాపు నాలుగింట మూడు వంతుల నేల అడవే. ఆ తర్వాత పశువుల మేతకని, కాఫీకని, అరటి తోటలకని నరుకుతూ పోయారు. అక్కడ పెంచిన పశువుల మాంసంలో చాలా భాగం అమెరికాలో హాంబర్గర్లయింది. 1980ల చివరికి అడవి సుమారు నాలుగో వంతుకి పడిపోయింది. ఈ రోజు మళ్ళీ దేశంలో సగానికి పైగా అడవి ఉంది. ప్రపంచంలో అడవి పోగొట్టుకున్న దేశాలు చాలా ఉన్నాయి గానీ, ఇంతగా తిరిగి తెచ్చుకున్నవి బహు కొద్ది.

ఇది ఎలా జరిగిందో చూస్తే మన పిల్లలు ఎక్కడ నిలబడాలో తెలుస్తుంది. 1996లో వాళ్ళొక అటవీ చట్టం తెచ్చారు. ఉన్న అడవిని కొట్టి వేరే పనికి వాడటం నిషేధించారు. తన భూమిలో చెట్లని కాపాడిన రైతుకి ప్రభుత్వం డబ్బు చెల్లించే పద్ధతి మరుసటేడు నుంచి మొదలుపెట్టారు. ఆ డబ్బు పెట్రోలు, డీజిలు మీద వేసే పన్నులోంచి వస్తుంది. అంటే చెట్టు నిలబడి ఉంటే కూడా రైతుకి ఆదాయమే. ఇందులో విమానం ఎక్కి వెళ్ళిన వాలంటీర్ల చెయ్యి ఎక్కడా లేదు. చట్టం చేసినవాళ్ళు, పన్ను కట్టినవాళ్ళు, గొడ్డలి పక్కన పెట్టిన రైతులు అందరూ ఆ దేశం వాళ్ళే.

అలాగని బయటివాళ్ళ సాయం అక్కర్లేదని కాదు. మోంటెవెర్డే కొండల్లో "పిల్లల శాశ్వత వర్షారణ్యం" అని ఒక అడవి ఉంది. 1987లో స్వీడన్లో ఒక చిన్న పల్లెటూరి బళ్ళో ఏహా కెర్న్ అనే టీచరు వర్షారణ్యాల గురించి పాఠం చెబుతుంటే, తొమ్మిదేళ్ళ పిల్లవాడొకడు మనం కొంత అడవి కొనలేమా అని అడిగాడట. పిల్లలంతా కలిసి నాటకాలు వేసి, అవీ ఇవీ అమ్మి డబ్బు పోగుచేసి పంపారు. ఆ కబురు పాకి 44 దేశాల పిల్లలు చేతులు కలిపారు. ఈ రోజు ఆ అడవి 22 వేల హెక్టార్ల పైనే, అంటే మన లెక్కలో యాభై వేల ఎకరాలు దాటింది. డబ్బిచ్చిన పిల్లల్లో చాలామంది ఆ అడవిలో ఎప్పుడూ అడుగు పెట్టి ఉండరు. అడవిని చూసుకునేది అక్కడి వాళ్ళే. ఈ కథ చదివాక మా వారి లెక్క నాకు మరీ తీసిపారేసేదిగా అనిపించలేదు.

మరి వెళ్ళి చేసే పనే లేదా అంటే, ఉంది. కోస్టారికాకి తూర్పున కరీబియన్ తీరంలో టోర్టుగెరో అని ఊరు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క వర్షారణ్యం. పచ్చ తాబేళ్ళు అక్కడి ఇసుకలోకి వచ్చి గుడ్లు పెడతాయి. ఒకప్పుడు వాటిని మాంసానికి, సూప్‌కి పట్టి ఎగుమతి చేసేవారు. 1950లలో ఆర్చీ కార్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త అక్కడ తాబేళ్ళ లెక్క మొదలుపెట్టాడు. ఆ లెక్క ఇప్పటికీ నడుస్తోంది. సీజన్లో రాత్రిపూట నల్ల బట్టలు వేసుకుని, తెల్ల దీపం లేకుండా, అవసరమైతే ఎర్ర దీపంతో మైళ్ళకి మైళ్ళు ఇసుకలో నడవాలి. తల్లి తాబేలు గుంట తవ్వుకుని గుడ్లు పెడుతుంటే గుడ్లు లెక్కపెట్టాలి, డొప్ప కొలవాలి, రెక్కకి నంబరు బిళ్ళ ఉందో లేదో చూడాలి, లేకపోతే వెయ్యాలి. వాన పడినా, దోమలు కుట్టినా అంతే.

ఈ పనికి చాలా చేతులు కావాలి. కొలిచే పద్ధతి ముందే రాసి ఉంది కాబట్టి నేర్పితే ఎవరైనా చెయ్యగలరు. ఈ రెండు వారాలు ఒకరు, వచ్చే రెండు వారాలు ఇంకొకరు చేసినా లెక్క తెగదు. తాబేలుకి తనని కొలిచింది ఎవరన్నది పట్టదు. మన శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళ గుడ్లని ఏరి, హేచరీల్లో పొదగబెట్టి, పిల్లల్ని సముద్రంలోకి వదులుతారే, అక్కడా అంతే. ఆ రాత్రి కాపలా ఉన్నది ఏ కుర్రాడైనా తాబేలు పిల్ల సముద్రంలోకే పోతుంది.

కానీ బళ్ళో కూర్చున్న ఏడేళ్ళ పిల్లకి, ఎదురుగా నిలబడింది ఎవరన్నదే ముఖ్యం.

ఇది నాకు పుస్తకం చదివితే తెలిసిన విషయం కాదు. నేను వారాంతాల్లో తెలుగు బళ్ళో పాఠాలు చెబుతాను, జీతం లేని పనే. ప్రతి ఏడాదీ క్లాసులో ఒక్కరైనా నోరు విప్పని పిల్ల ఉంటుంది. ఆగస్టులో వచ్చి వెనక వరసలో కూర్చుంటుంది. దసరాకి నా వంక చూస్తుంది. దీపావళికి తల ఊపుతుంది. సంక్రాంతి దాటాక ఒక ఆదివారం ఉన్నట్టుండి "టీచర్, మా అమ్మమ్మ వస్తోంది" అని మొత్తం వాక్యం తెలుగులో చెబుతుంది. అదే ఇల్లు, అదే భాష, వారం వారం అదే మనిషి ఉంటేనే అన్ని నెలలు పట్టింది. రెండు వారాల్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు. పేర్లు నేర్చుకోవడం అవుతుంది.

అవతలి వైపు కూడా నేను కూర్చున్నాను. మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూలుకి ఏటా బి.ఎడ్ వాళ్ళు టీచింగ్ ప్రాక్టీసుకి వచ్చేవారు. చదివినవాళ్ళలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. రంగు రంగుల చార్టులు, థర్మోకోల్ మోడళ్ళు, కొట్టకుండా తిట్టకుండా చెప్పే పాఠాలు. మాకు పండగలా ఉండేది. వెళ్ళిపోయే రోజున ఆటోగ్రాఫులు, ఏడుపులు. ఆ తర్వాత వారం రోజులు మా లెక్కల మాస్టారి మొహం ఎవ్వరం చూడబుద్ధయ్యేది కాదు. పాపం ఆయన తప్పేముంది? ఆయన ఏడాదంతా ఉండే మనిషి, అంతే. అయినా వాళ్ళు మా భాషవాళ్ళు, టీచరు చదువు చదువుతున్నవాళ్ళు, వెనక బెంచీలో మా మాస్టారు కూర్చుని చూస్తుండగా పాఠం చెప్పినవాళ్ళు. వాళ్ళతోనే ఇలా ఉంటే, భాష అంతంతమాత్రం వచ్చి, ఏ శిక్షణా లేక, ప్రతి పదిహేను రోజులకీ ఒక కొత్త బృందం దిగితే ఆ పిల్లలకి, ఆ టీచరుకి ఎలా ఉంటుంది? ఏడాదిలో ఎన్నిసార్లు వాళ్ళు "హలో, మై నేమ్ ఈజ్" దగ్గర మళ్ళీ మొదలుపెట్టాలి?

ఇంకో సంగతి. కోస్టారికా పిల్లలు టీచర్లు లేని పిల్లలు కారు. ఆ దేశం 1869లోనే ప్రాథమిక విద్య ఉచితం, తప్పనిసరి అని రాజ్యాంగంలో రాసుకుంది. మన దేశానికి విద్యాహక్కు చట్టం వచ్చింది 2009లో. 1948లో వాళ్ళు సైన్యాన్నే రద్దు చేసుకున్నారు. అలాంటి దేశానికి మనం "చదువు చెప్పడానికి" పదహారేళ్ళ పిల్లని పంపుతున్నామంటే ఎవరు ఎవరి దగ్గర నేర్చుకోవాలో ఒకసారి ఆలోచించుకోవాలి.

వాళ్ళు తమ పిల్లలకి అడవి గురించి ఎలా నేర్పుతున్నారో కూడా చూడండి. దేశానికి వాయవ్యాన గ్వానకాస్టే అనే సంరక్షణ ప్రాంతం ఉంది. పొడి అడవి, వర్షారణ్యం, మబ్బుల్లో ఉండే కొండ అడవి, అన్నీ అక్కడ ఉన్నాయి. డేనియల్ జాన్జెన్, విన్నీ హాల్‌వాక్స్ అనే శాస్త్రవేత్తల జంట ఆ అడవిని తిరిగి బతికించడంలో స్థానికులతో కలిసి దశాబ్దాలుగా పనిచేశారు. చుట్టుపక్కల బళ్ళలో నాలుగు, ఐదు, ఆరు తరగతుల పిల్లల్ని అడవిలోకే తీసుకెళ్ళి జీవశాస్త్రం చెప్పే కార్యక్రమం 1980ల నుంచి అక్కడ నడుస్తోంది. చెప్పేది ఆ ప్రాంతం వాళ్ళు, స్పానిష్‌లో. ఆ పిల్లలు పెద్దయ్యాక అక్కడే ఉంటారు, ఓటేస్తారు, భూములు కొంటారు. అడవి ఉండాలో పోవాలో తేల్చేది వాళ్ళు.

ఆ ప్రాంతంలో నాకు మరీ నచ్చిన విషయం ఇంకొకటి. అడవిలోని పురుగుల్ని, మొక్కల్ని సేకరించి గుర్తుపట్టే పనికి 1989లో పల్లెటూరి వాళ్ళకి కొన్ని నెలల శిక్షణ ఇచ్చారు. రైతులు, పశువుల కాపర్లు, నాలాంటి గృహిణులు. పెద్ద చదువులు లేవు. వీళ్ళని పారాటాక్సానమిస్టులు అంటారు. గొంగళి పురుగు ఏ ఆకు మీద దొరికింది, ఏం తింది, ఎన్ని రోజులకి ఏ సీతాకోక చిలుకగా మారింది, అన్నీ రాసిపెడతారు. వాళ్ళ చేతుల మీదుగా శాస్త్రానికి కొత్త జాతులెన్నో తెలిశాయి. కొన్నిటికి వాళ్ళ పేర్లే పెట్టారు. మన ఇళ్ళల్లో పిల్లలకి మనం నేర్పనిది ఇదే అని నాకనిపిస్తుంది. డిగ్రీ లేని మనిషి చెబితే చెవి ఒగ్గి వినడం. మా అమ్మాయి అలాంటి ఒక అమ్మ వెనక సంచీ మోస్తూ రోజంతా నడిచి, "అలా కాదు, ఇలా పట్టుకో" అనిపించుకుని వస్తే, నేను ఇచ్చిన ప్రతి డాలరూ దక్కినట్టే. అయితే దాన్ని సేవ అనను, చదువు అంటాను. ఆ డబ్బుని దానం అనను, ఫీజు అంటాను.

పిల్లల విషయంలో నేనింత గట్టిగా ఉండటానికి ఇంకో దేశం అనుభవం కూడా కారణం. ఇది బడుల గురించి కాదు గానీ, దారి అదే. కంబోడియాలో పర్యాటకులు పెరిగే కొద్దీ అనాథాశ్రమాలు కూడా పెరిగాయి. యునిసెఫ్ వాళ్ళు లెక్క తీస్తే అక్కడి ఆశ్రమాల్లో ఉన్న ప్రతి నలుగురు పిల్లల్లో ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని తేలింది. చదువు చెప్పిస్తాం, తిండి పెడతాం అంటే పేద తల్లిదండ్రులు పంపేశారు. పిల్లల్ని చూసి జాలిపడి డబ్బిచ్చే విదేశీయులు వస్తున్నంతకాలం, చూపించడానికి పిల్లలు కావాలి కదా. నేపాల్లోనూ ఇదే తంతు. 2018లో ఆస్ట్రేలియా తన ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చేటప్పుడు ఈ వ్యాపారం గురించి చర్చించింది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కూడా తన తీర్మానంలో ఈ అనాథాశ్రమాల సేవాయాత్రల హాని గురించి హెచ్చరించింది. వెళ్ళినవాళ్ళలో చెడ్డవాళ్ళెవరూ లేరు. అందరూ ముద్దు చెయ్యడానికి వెళ్ళినవాళ్ళే. ఊరి బడి అనాథాశ్రమం కాదు, నిజమే. కానీ పిల్లల నవ్వుని ప్యాకేజీలో భాగంగా అమ్మడం రెండింట్లోనూ ఉంది.

ఇక్కడ మన ఊరి ఎలిమెంటరీ స్కూల్లో పుస్తకాల పండగకి సాయం చెయ్యాలన్నా నా బ్యాక్‌గ్రౌండ్ చెక్ అవ్వాలి, మెడలో బ్యాడ్జ్ ఉండాలి. ఎవరో తెలియని పదహారేళ్ళ పిల్ల, రెండు వారాలు మీ రెండో తరగతి బాబుకి పాఠం చెబుతుందంటే మనలో ఎవరైనా ఊరుకుంటామా? మన పిల్లలకి పనికిరాని ఏర్పాటు వాళ్ళ పిల్లలకి ఎలా పనికొస్తుంది?

దీనికి వెళ్ళొచ్చిన ఒక అమ్మాయి తల్లి నాతో అన్న మాట న్యాయమైనదే. "అక్కడ పర్యాటకమే బతుకుతెరువు, ఇంగ్లీషు వస్తే వాళ్ళ పిల్లలకి ఉద్యోగాలొస్తాయి కదండీ" అంది. నిజమే. అందుకనే ఇంగ్లీషు సరిగ్గా రావాలి. అక్కడి టీచరు అడిగితే, ఆవిడ చెప్పిన పాఠాన్ని, ఆవిడ ఎదురుగానే, ఏడాది పాటు వారానికో గంట వీడియోలో అదే పిల్లలతో మాట్లాడించొచ్చు. దానికి విమానం టికెట్టు కూడా అక్కర్లేదు. కాకపోతే అందులో ఫొటోలు బాగా రావు.

ఇక కాలేజీ అప్లికేషన్ల మాట. మనం పైకి ఏం చెప్పినా ఈ మూడు వేల డాలర్లలో సగం దాని కోసమే. 2016లో హార్వర్డ్ విద్యాశాఖ వాళ్ళు "టర్నింగ్ ది టైడ్" అని ఒక నివేదిక తెచ్చారు, చాలా కాలేజీల అడ్మిషన్ల వాళ్ళు దాన్ని సమర్థించారు. సేవ ఎక్కడో దూర దేశంలో చెయ్యక్కర్లేదు, కనీసం తొమ్మిది నెలలో ఏడాదో నిలకడగా చెయ్యడం ముఖ్యం, ఇంట్లో పెద్దల్ని, తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ చూసుకోవడం కూడా లెక్కలోకి రావాలి అని అందులో ఉంది. నాన్నమ్మ వచ్చి ఆరు నెలలుంటే ఆవిడ మందులు, డాక్టరు దగ్గర మాట్లాడటం అన్నీ చూసుకునే మనవరాళ్ళు మన ఇళ్ళల్లో ఎంతమంది లేరు! వాళ్ళెవరూ దాన్ని ఎక్కడా రాసుకోరు.

పంపాలనుకునే తల్లులకి నేను చెప్పేది, డబ్బు కట్టే ముందు ఆ సంస్థని ఈ ప్రశ్నలు అడగండి.

1. ఈ పని కావాలని అడిగింది ఎవరు? ఊరివాళ్ళా, సంస్థా?

2. మా పిల్ల రాకముందు ఆ పని ఎవరు చేశారు, వచ్చేశాక ఎవరు చేస్తారు? "ఎవరూ లేరు" అంటే అది అవసరమైన పని కాకపోవచ్చు. "జీతమిచ్చే మనిషిని మానిపించాం" అంటే అసలు వద్దు.

3. రోజూ పని చెప్పేది ఎవరు? స్థానికుల పేరు, హోదా చెప్పగలరా?

4. మేమిచ్చే డబ్బులో ఎంత ఆ ఊళ్ళో మిగులుతుంది? బస ఇచ్చే ఇంటివాళ్ళకి ఎంత ముడుతుంది?

5. జంతువుల్ని పట్టుకుని ఫొటోలు దిగనిస్తారా? దిగనిస్తే వద్దు. 2019లో కోస్టారికా ప్రభుత్వమే అడవి జంతువులతో సెల్ఫీలు వద్దని ప్రచారం చేసింది.

6. పిల్లలతో పని ఉందా? ఉంటే వాళ్ళ టీచరు గదిలో ఉంటారా, వచ్చేవాళ్ళని ముందు విచారిస్తారా?

మా అమ్మాయి చూపించిన సంస్థ మూడో ప్రశ్నకి జవాబివ్వలేదు, ఆరో ప్రశ్నకి "మా వాలంటీర్లు చాలా మంచివాళ్ళు" అని రాసింది. మా పిల్లే ఆ మెయిల్ చదివి ల్యాప్‌టాప్ మూసేసింది. తర్వాత తనే వెతికి తాబేళ్ళ లెక్క చేసే ఇంకో చోటు పట్టుకుంది. బడి లేదు, పసిపిల్లలతో ఫొటోలు లేవు, రాత్రి నడక మాత్రం చాలా ఉంది. మూడు వారాలు. సగం డబ్బు తను ట్యూషన్లు చెప్పి దాచుకున్నది, సగం మేమిస్తున్నాం. చిన్నపిల్లలకి చెప్పాలన్న కోరిక ఇంకా ఉంటే, ఆగస్టు నుంచి మే దాకా ప్రతి ఆదివారం నా క్లాసులో ఒకటో తరగతి పిల్లల పక్కన కూర్చోమన్నాను. ఒక్క ఆదివారం కూడా ఎగ్గొట్టకూడదు అన్నది షరతు. ఈ రెండో దానికి ఇంకా సరే అనలేదు. ఆలోచిస్తోంది, ఆలోచించనీ.

మా అత్తయ్యగారి భయం మాత్రం అలాగే ఉంది. తాబేళ్ళని లెక్కపెట్టడానికి అంత దూరం ఎందుకే అంటున్నారు.

మీ పిల్లలెవరైనా ఇలా వెళ్ళి ఉంటే వాళ్ళనొకటి అడిగి నాకు రాయండి. తాము పాఠం చెప్పిన బళ్ళో, ఏడాదంతా ఆ పిల్లలకి చెప్పే టీచరు పేరు వాళ్ళకి గుర్తుందా అని.